ఎదురు ప్రవాహంలో టో వేగం: నా మోడల్ లెక్క రెండు వైపులా ఎందుకు తప్పుతోంది?

నదీగణితం
మిసిసిపీ మీద నడిచే బార్జ్ టోలకు (కలిపి కట్టి నెట్టే సరుకు పడవల గుంపులకు) ప్రయాణ సమయం అంచనా వేసే మోడల్ ఒకటి రాస్తున్నాను. 15 బార్జ్‌లు: అడ్డంగా మూడు, పొడవునా ఐదు. వెనక నుంచి 6,000 హార్స్‌పవర్ టోబోట్ నెడుతుంది. సెయింట్ లూయీ నుంచి కిందికి, లాక్‌లు (పడవలను ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కించే, దించే గదులు) లేని భాగం మాత్రమే తీసుకున్నాను. నదిని ముక్కలు చేసి ఒక్కో ముక్కకు సగటు ప్రవాహ వేగం ఇచ్చాను. నీటిలో టో వేగం స్థిరంగా సెకనుకు 3 మీటర్లు. పైకి వెళ్తుంటే అందులోంచి ప్రవాహం తీసేయడం, కిందికి వస్తుంటే కలపడం. అంతే మోడల్.

ఏఐఎస్ (నౌకలు తమ స్థానం, వేగం రేడియోలో పంపే వ్యవస్థ) డేటాతో పోలిస్తే రెండు వైపులా తేడా వస్తోంది. పైకి వెళ్లేవి నా లెక్క కంటే ముందే చేరుతున్నాయి. కిందికి వచ్చేవి ఆలస్యమవుతున్నాయి. తేడా ఒక వైపే ఉంటే ఆ 3ని అటో ఇటో జరిపి సరిపెట్టేవాణ్ణి. పెంచితే కింది ప్రయాణం చెడుతుంది, తగ్గిస్తే పై ప్రయాణం చెడుతుంది. రెసిస్టెన్స్ (నీటి నిరోధం) ఫార్ములా మార్చాలా?

ఎక్సెల్_వీరుడు
ప్రవాహం విలువను 0.75తో గుణించు. రెండూ కుదురుతాయి. పని అయిపోయింది, పడుకో.

నదీగణితం
చేసి చూశాను. ప్రవాహం సెకనుకు 1.5 మీటర్లు ఉన్న చోట 1.1 అనుకుంటే పైకి నేల మీద వేగం (గట్టు నుంచి చూస్తే కనిపించే వేగం) 1.5 నుంచి 1.9కి పోతుంది, అంటే దాదాపు 27 శాతం ఎక్కువ. కిందికి 4.5 నుంచి 4.1కి, 9 శాతమే తక్కువ. పైకి బాగానే కుదిరింది. కిందికి మాత్రం ఇంకా చాలా ఆలస్యం మిగిలిపోతోంది.

జడత్వం
ముందు ఆ స్థిరమైన 3ని వదిలెయ్యండి. థ్రస్ట్ (ప్రొపెల్లర్లు నెట్టే బలం), రెసిస్టెన్స్ రెండూ వేగంతో మారతాయి. టో బరువు లెక్క వేద్దాం. జంబో బార్జ్ 195 అడుగుల పొడవు, 35 అడుగుల వెడల్పు. 9 అడుగుల డ్రాఫ్ట్‌కు (నీటిలో మునిగే లోతుకు) నింపితే సరుకు 1,500 షార్ట్ టన్నుల చిల్లర, ఖాళీ బార్జ్ బరువు దానికి అదనం. 15 బార్జ్‌లూ టోబోటూ కలిపి సుమారు 25,000 టన్నులు. కదిలేటప్పుడు చుట్టూ ఉన్న నీటిని కూడా కొంత లాక్కుపోతుంది కాబట్టి జడత్వానికి 27,000 వేసుకోండి. 3 మీ/సె దగ్గర థ్రస్ట్ 540 కిలోన్యూటన్లు అనుకుంటే, రెసిస్టెన్స్ కూడా అంతే, అందులో వేగం వర్గానికి గుణకం 60 అవుతుంది. ఇక న్యూటన్ సమీకరణం రాసి సాల్వ్ చెయ్యండి. సగటు వేగంతో చేసేది మోడల్ కాదు, కాకిలెక్క.

ఎక్సెల్_వీరుడు
వందల మైళ్ల ప్రయాణానికి జడత్వం ఎందుకు స్వామీ? స్టార్టయ్యాక పది నిమిషాల్లో స్థిర వేగానికి వచ్చేస్తుంది కదా.

జడత్వం
ఒప్పుకుంటా, మొత్తం సమయం మీద దాని ప్రభావం తక్కువే. కానీ వేగం తగ్గించాల్సిన ప్రతి చోటా ఎంత ముందు నుంచి తగ్గించాలో చెప్పేది అదే. పై అంకెలతోనే చూడండి. ఇంజన్ ఆపేస్తే నీటిలో వేగం 3 నుంచి 1.5కి పడడానికి 150 సెకన్లు. అక్కడి నుంచి 0.75కి రావడానికి ఇంకో 300 సెకన్లు. అంటే మొదటి సగం కంటే రెండో సగానికి రెట్టింపు టైమ్. వేగం వర్గంతో మారే నిరోధం ఒక్కటే ఉంటే కాగితం మీద టో ఎప్పటికీ ఆగదు.

సందేహాలరాయుడు
మరి నిజంగా ఎలా ఆపుతారు?

జడత్వం
రివర్స్ కొడతారు. వెనక్కి 300 కిలోన్యూటన్లు దొరికితే నీటి పరంగా ఆగడానికి మూడు నిమిషాల పైన, 230 మీటర్లు. కానీ ఆ మూడు నిమిషాలూ ప్రవాహం 1.5 చొప్పున మోసుకుపోతూనే ఉంటుంది. నేల మీద చూస్తే అప్పటికే 500 మీటర్లు దాటుతుంది. నీటిలో ఆగింది గానీ నది ఆగలేదుగా! నేల మీద ఆగాలంటే ప్రవాహానికి ఎదురు 1.5 వేగంతో వెనక్కి నడవాలి. మొత్తం కలిపితే ఆరు నిమిషాలు, 600 మీటర్ల చిల్లర.

పాతడెక్కు
లెక్కలు బాగున్నాయి గానీ అసలు కారణం ఎవరూ చెప్పలేదు. నేను కొంతకాలం టోబోట్ మీద డెక్‌హ్యాండ్‌గా చేశాను.

పైకి వెళ్లే పైలట్ నది మధ్యలో, ఉరవడి ఉన్న చోట నడపడు. మలుపులో నీరు బయటి ఒడ్డును కోసుకుంటూ పరుగెడుతుంది. లోపలి ఒడ్డున ఇసుక మేట పక్కన మందంగా, అంటే నెమ్మదిగా ఉంటుంది. పైలట్ ఆ మందపు నీటిని పట్టుకుంటాడు. మలుపు తిరగ్గానే మందపు నీరు అవతలి ఒడ్డుకు మారుతుంది కదా, టోను అటు దాటిస్తాడు. గట్టు నుంచి నదిలోకి రాళ్ల డైకులు (అడ్డుకట్టలు) కట్టి ఉంటాయి. వాటి వెనక నీరు దాదాపు నిలబడి ఉంటుంది, ఒక్కోచోట పైకే తిరుగుతుంది. ఆ అంచున పోతే వేగం పెరగడం ఒంటికి తెలుస్తుంది. అందుకే మీ సగటు ప్రవాహం పైకి వెళ్లేవాడికి వర్తించదు. అతను అనుభవించే ప్రవాహం వేరు.

కిందికి వచ్చేవాడికి లోతు కావాలి, చోటు కావాలి. ప్రధాన పాయలోనే రావాలి. అక్కడ ఉరవడి ఎక్కువే, కానీ ఫుల్ పవర్ పెట్టి రాడు. మలుపుల్లో తగ్గిస్తాడు. బిగువైన మలుపైతే ఫ్లాంకింగ్ చేస్తాడు. ఇంజన్లు రివర్స్‌లో పెట్టి, ప్రొపెల్లర్ల ముందున్న ఫ్లాంకింగ్ చుక్కానులతో వెనక భాగాన్ని పట్టుకుని, టో తలను ప్రవాహమే తిప్పేలా వదులుతాడు.

నదీగణితం
ఫ్లాంకింగ్ చేసేటప్పుడు నేల మీద వేగం ప్రవాహం కంటే తక్కువా?

పాతడెక్కు
అవును. ప్రవాహం కంటే నెమ్మదిగా దిగుతుంది. మీ భాషలో చెప్పాలంటే నీటిలో వేగం మైనస్.

నదీగణితం
నా కోడ్‌లో నీటి వేగం సున్నా కంటే తగ్గితే ఎర్రర్ ఇచ్చి ఆగిపోయేలా రాసి ఉంది.

ఎక్సెల్_వీరుడు
ఆ లైన్ తీసెయ్యి 😄

చుక్కాని
పాతడెక్కు చెప్పిందానికి ఒక నిబంధన కలుపుతాను. మిసిసిపీ లాంటి వెస్టర్న్ రివర్స్ మీద అమెరికా ఇన్‌లాండ్ రూల్స్ ప్రకారం, ప్రవాహంతో పాటు కిందికి వచ్చే నౌకకు దారి హక్కు. ఎక్కడ, ఏ పక్కన దాటుకోవాలో ప్రతిపాదించేది కూడా అదే. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది: జడత్వం గారి లెక్కే, కిందికి వచ్చేదానికి వెంటనే ఆగడం కుదరదు. కాబట్టి ఇరుకు మలుపు ముందు పైకి వెళ్లేది గట్టు పక్కన నెమ్మదించి కాచుకుంటుంది. ఏఐఎస్‌లో పైకి వెళ్లే టో అరగంట కదలకుండా ఉంటే రిపేరనుకోవద్దు. ఆ ఎదురుచూపులు కూడా కలుపుకునే మీ డేటాలో పైకి వెళ్లేవి ముందుగా చేరుతున్నాయంటే, మందపు నీటి లాభం మీరు అనుకున్న దానికన్నా పెద్దది.

సుడిగుండం
ఇంకో సంగతి కూడా అటే చూపిస్తోంది. సగటు ప్రవాహం వాడితే పైకి ప్రయాణ సమయం ఎప్పుడూ తక్కువే వస్తుంది. ఉదాహరణకు 20 కిలోమీటర్లు, సగటు ప్రవాహం 1.5. సగం దూరం 0.9, సగం దూరం 2.1 అనుకోండి. సగటుతో లెక్కిస్తే 13,333 సెకన్లు. ముక్కలుగా లెక్కిస్తే 4,762కి 11,111 కలిపి 15,873. అంటే 19 శాతం ఎక్కువ. ఉరవడి ఉన్న చోట ఈడ్చుకుంటూ పోగొట్టుకున్న టైమ్ మందంగా ఉన్న చోట తిరిగి రాదు. నదీగణితం మోడల్‌లో ముక్కలు పెద్దవైతే ఈ పొరపాటు వల్ల మోడల్ టో వేగంగా చేరాలి. అయినా నిజం టోలు ఇంకా ముందే చేరుతున్నాయంటే రెండు తప్పులు ఎదురెదురుగా ఉన్నాయి. 0.75తో గుణిస్తే ఆ రెండింటినీ కలిపి ఒక అంకె కింద పూడ్చిపెట్టినట్టు.

ఎక్సెల్_వీరుడు
పూడ్చిపెట్టినా అంచనా కరెక్టుగా వస్తే మేనేజర్‌కి చాలు.

సుడిగుండం
నీటిమట్టం మారిన రోజు పూడ్చింది లేచి వస్తుంది.

పాతడెక్కు
అదే. నీళ్లు బాగా తగ్గినప్పుడు ఇసుక మేట పక్కకు పోవడానికి లోతే ఉండదు. పైకి వెళ్లేవాడు కూడా పాయలోనే ఉండాలి. 2022 శరదృతువులో మెంఫిస్ దగ్గర నీటిమట్టం రికార్డు కనిష్ఠానికి పడిపోయినప్పుడు డ్రాఫ్టూ తగ్గించారు, టోలో బార్జ్‌ల సంఖ్యా తగ్గించారు. మామూలు రోజుల్లో సరిపెట్టిన గుణకం అలాంటప్పుడు దేనికీ పనికిరాదు. ఇంకో మాట. సెయింట్ లూయీ కింద 15 బార్జ్‌లంటే చిన్న టో. పెద్ద బోట్లు 30, 40 కూడా నెడతాయి. 15 అనేది లాక్‌లున్న పై నది లెక్క. మీ ఏఐఎస్ డేటాలో ఏ టోలో ఎన్ని బార్జ్‌లున్నాయో తెలుసా?

నదీగణితం
తెలియదు. చాలా సందేశాల్లో పొడవు దగ్గర టోబోట్ పొడవే ఉంది.

చుక్కాని
ఏఐఎస్ మ్యాప్‌లో కనిపించే చుక్క కూడా టోబోట్ మీదే ఉంటుంది. 15 బార్జ్‌ల టోకైతే తల అక్కడి నుంచి 300 మీటర్ల ముందు. మలుపులో చుక్క ఒక ఒడ్డున కనబడితే తల రెండో ఒడ్డు దగ్గర ఉండొచ్చు.

పాతడెక్కు
టో తల దగ్గర నిలబడితే ఇంజన్ చప్పుడు దాదాపు వినపడదు. ముందు బార్జ్ ఏటవాలు ముక్కు కింద నీళ్లు గుడగుడమనడం ఒక్కటే. బ్రిడ్జి దగ్గరకి వస్తుంటే రేడియోలో పైలట్‌కి దూరాలు చెప్తుంటాం. అతనికి అక్కడి నుంచి అంచు కనపడదు మరి. బార్జ్‌లను కట్టిన ఇనుప తాళ్లు మలుపులో కిర్రుమంటే రాచెట్ పట్టుకుని బిగించడానికి పరుగు.

లోతుకొలత
రెసిస్టెన్స్ ఫార్ములా సంగతి ఎవరూ ముట్టుకోలేదు. 1960ల్లో చార్లెస్ హౌ ఇచ్చిన ఫార్ములాను బార్జ్ టోలకు ఇప్పటికీ వాడతారు. అడుగులు, మైళ్లు, పౌండ్లలో ఉంటుంది, జాగ్రత్త. వేగం వర్గం మామూలే. పొడవుకు ఘాతం 0.38, వెడల్పుకు 1.19. అంటే టో పొడవు రెట్టింపు చేస్తే రెసిస్టెన్స్ 30 శాతమే పెరుగుతుంది, వెడల్పు రెట్టింపు చేస్తే రెండింతలు దాటిపోతుంది. 30 బార్జ్‌ల టోకి 15 బార్జ్‌ల రెసిస్టెన్స్‌ని గుడ్డిగా రెండుతో గుణించకూడదు అనడానికి ఇదే కారణం. ఎలా పేర్చారన్నది ముఖ్యం.

అందులో అసలు విషయం లోతు. టో అడుగుభాగానికీ నది నేలకీ మధ్య మిగిలే నీరు తగ్గేకొద్దీ రెసిస్టెన్స్ ఎక్స్‌పొనెన్షియల్‌గా పెరుగుతుంది. లోతు 4 మీటర్లు, డ్రాఫ్ట్ 2.75 అనుకోండి. కింద 1.25 మీటర్లే. పక్కలకు తోసిన నీరు వెనక్కి పోవడానికి దారి చాలక జోరుగా పారుతుంది, పీడనం పడిపోతుంది, టో కిందికి కుంగుతుంది. ఓడలకు వాడే బరాస్ సూత్రం పెడితే 3 మీ/సె దగ్గర విశాలమైన నీటిలో 30 సెంటీమీటర్లు, ఇరుకు కాలువలో దానికి రెట్టింపు వస్తుంది. చదరపు బార్జ్‌లకు అది ఉజ్జాయింపే. పవర్ పెంచితే వేగం పెద్దగా పెరగదు, కుంగడం పెరుగుతుంది.

పాతడెక్కు
లోతు తక్కువ నీళ్లలోకి రాగానే బోటు మొత్తం వణుకుతుంది. టేబుల్ మీద కప్పులు గలగలమంటాయి. పైలట్ థ్రాటిల్ తగ్గిస్తాడు, చిత్రంగా వేగం పెద్దగా తగ్గదు.

జడత్వం
అందులో చిత్రమేమీ లేదు, లోతుకొలత చెప్పినదే.

సందేహాలరాయుడు
నాకు ఇంకో డౌటు. ఇంజన్ ఆపేసి వదిలేస్తే టో సరిగ్గా ప్రవాహం వేగంతో పోతుందా?

సుడిగుండం
కొంచెం ఎక్కువ వేగంతో పోతుంది. నది ఉపరితలం వాలుగా ఉంటుంది కాబట్టి టో బరువులో ఒక చిన్న భాగం కిందికి లాగుతుంది. నీటిని నది నేల పట్టి ఉంచుతుంది, టోను పట్టి ఉంచేది చుట్టూ ఉన్న నీరు మాత్రమే. కిలోమీటరుకు 8 సెంటీమీటర్ల వాలు అనుకుంటే 25,000 టన్నుల మీద దాదాపు 20 కిలోన్యూటన్లు. జడత్వం గారి గుణకం 60 పెడితే, చుట్టూ ఉన్న నీటి కంటే 0.57 మీ/సె వేగంగా జారుతుంది.

ఎక్సెల్_వీరుడు
ఇది మాత్రం నిజంగా తెలియదు. నీళ్లలో తేలేది నీళ్లను దాటిపోతుందా!

జడత్వం
సూత్రం సరే గానీ 0.57 ఎక్కువ. అంత తక్కువ వేగంలో గుణకం 60 ఉండదు, ఘర్షణ వాటా పెరిగి గుణకం కూడా పెరుగుతుంది.

సుడిగుండం
కొంచెం పెరుగుతుంది, కాదనను. గుణకం 80 పెట్టినా 0.5 వస్తుంది. వర్గమూలం కదా, పెద్దగా కదలదు.

మోడరేటర్
మీ ఇద్దరూ ఇదే గొడవ పాత చర్చలో కూడా పడ్డారు. అడిగిన ప్రశ్నకు రండి.

ఇంధనలెక్క
ప్రశ్నకే వస్తున్నా. అందరూ టో ఎప్పుడూ 3 మీ/సె నడుస్తుందనుకుంటున్నారు. ఇంధనం చూసుకునే ఆపరేటర్ ఆ వేగం ఎందుకు పెడతాడు? పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది. పైకి వెళ్లేటప్పుడు కిలోమీటరుకు ఇంధనం అంటే వేగం ఘనాన్ని, నేల మీద వేగంతో భాగించాలి. దాని కనిష్ఠం నీటి వేగం ప్రవాహానికి ఒకటిన్నర రెట్లు ఉన్నప్పుడు వస్తుంది. ప్రవాహం 1.5 ఉంటే నీటిలో 2.25, నేల మీద 0.75.

పాతడెక్కు
నేల మీద 0.75తో పోతే సిబ్బంది జీతం, బోటు అద్దె ఎవడు కడతాడు? పైకి వెళ్లేటప్పుడు థ్రాటిల్ ముందుకే ఉంటుంది. తగ్గించేది కిందికి వచ్చేటప్పుడే.

ఇంధనలెక్క
కాలానికి ఖర్చు కలిపితే ఆ వేగం పెరుగుతుంది, నిజమే. నేను చెప్పేది ఒక్కటే: ప్రవాహం పెరిగితే పైకి వెళ్లే టో నీటి వేగం పెంచడమే లాభం. కిందికి ప్రవాహం ఊరికే మోసుకొస్తుంటే పవర్ తగ్గించడం లాభం. పైకి కిందికి ఒకే నీటి వేగం అన్న ఊహ దగ్గరే మోడల్ పక్కదారి పట్టింది.

చుక్కాని
మరీ తగ్గిస్తే చుక్కాని పనిచేయదు. చుక్కాని మీద నీరు కొట్టాలంటే ప్రొపెల్లర్ తిరగాలి. కిందికి ఇంధనం మిగిల్చేందుకూ ఒక హద్దుంది.

లాక్‌దగ్గరవాడు
నది పై భాగం మోడల్ చేసే రోజు వస్తే ఇవన్నీ మర్చిపోండి. అక్కడ టైమంతా లాక్‌ల దగ్గరే. చాలా లాక్‌లు 600 అడుగుల పొడవు, 110 అడుగుల వెడల్పు. 15 బార్జ్‌ల టో పట్టదు. విప్పి ముందు తొమ్మిది బార్జ్‌లు పంపి, తర్వాత ఆరు బార్జ్‌లు టోబోట్‌తో పంపి, అవతల మళ్లీ కట్టాలి. గంటన్నర నుంచి రెండు గంటలు. కియోకుక్ దగ్గరి 19వ నంబర్ లాక్ 1,200 అడుగులది, అక్కడ ఒక్క విడతలో అయిపోతుంది. ముందు ఇంకో రెండు టోలు కాచుకుని ఉంటే మీ హైడ్రోడైనమిక్స్ అంతా క్యూలో కొట్టుకుపోతుంది. పైగా 105 అడుగుల టో 110 అడుగుల గదిలోకి దూరుతుంటే లోపలి నీరంతా పక్కల, అడుగున ఉన్న సందుల్లోంచే బయటికి రావాలి. సిరంజి పిస్టన్ లాగా. ఎంత పవర్ పెట్టినా పాక్కుంటూ పోవాల్సిందే.

నదీగణితం
ఆ బాధ ఇప్పుడే వద్దు, ఉన్నదానికే తల ప్రాణం తోకకు వచ్చింది. కిందికి వచ్చే ప్రయాణం నుంచి మొదలుపెట్టి మార్చి చూశాను. బిగువైన మలుపుల జాబితా తయారుచేసి, అక్కడ నేల మీద వేగం ఏఐఎస్ నుంచే తీసుకున్నాను, మిగతా చోట్ల నీటి వేగం 3కి బదులు 2.6. ఆలస్యంలో ఎక్కువ భాగం మలుపుల్లోనే ఉంది. పైకి వెళ్లేదానికి ముక్కలు చిన్నవి చేశాను. పాయ మధ్య ప్రవాహంలో ఎంత వాటా టోకు తగులుతుందో నీటిమట్టాన్ని బట్టి మారేలా పెట్టాను. నీరు తక్కువున్నప్పుడు ఆ వాటా ఒకటికి దగ్గరగా పోతోంది, పాతడెక్కు గారు చెప్పినట్టే. ఇంకా కుదరనివి కొన్ని టోలున్నాయి. పైకి వెళ్లేవే, లెక్క కంటే చాలా వేగంగా పోతున్నాయి.

లోతుకొలత
అవి ఖాళీ బార్జ్‌లు అయి ఉంటాయి. ఖాళీ జంబో డ్రాఫ్ట్ అర మీటరు చిల్లరే. రెసిస్టెన్స్ ఎక్కడికో పడిపోతుంది, లోతు గొడవ కూడా ఉండదు.

చుక్కాని
ఖాళీ టోలకు గాలి కలపండి. నీటి పైన గోడలా లేచి ఉంటాయి. అడ్డగాలి వీస్తే పైలట్ టోను కొంచెం వంకరగా పట్టి నడపాలి. 15 బార్జ్‌లూ బోటూ కలిపి 343 మీటర్లు, 8 డిగ్రీలు వంకర పెడితే 32 మీటర్ల టో 79 మీటర్ల దారి తింటుంది. గాలి జోరుగా ఉన్న రోజు ఖాళీ టో గట్టుకు ఆనుకుని ఆగిపోవడం మామూలే. డేటాలో అవి వేరే గుంపుగా కనపడతాయి.

నదీగణితం
లోడా ఖాళీయా అన్నది ఏఐఎస్‌లో డ్రాఫ్ట్ దగ్గర ఉంటుందా?

పాతడెక్కు
అక్కడ టోబోట్ డ్రాఫ్టే ఉంటుంది. ఎవరూ మార్చరు. నీటిమట్టం ఒకేలా ఉన్న వారంలో, నేరుగా ఉన్న ఒకే ముక్కలో పైకి వెళ్లే వేగాలన్నీ గీసి చూడండి. రెండు గుట్టలుగా విడిపోతాయి. వేగం గుట్టలో ఎక్కువ భాగం ఖాళీవే.

ఎక్సెల్_వీరుడు
గ్రాఫ్ వస్తే ఇక్కడ పెట్టు. నా 0.75 ఏ గుట్టలో ఉందో చూసుకోవాలి.